పాడెతో పోవలసిన మాట

"ఆ రోజులే వేరు" అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఈ మాట రోజూ వినపడుతుంది. అనేది మా ఆయనే. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే ప్రతివాడి చేతిలోని ఫోను వైపూ చూస్తూ, ఆ కాలంలో మనుషులు మనుషులతో మాట్లాడుకునేవాళ్ళు, నవ్వొస్తే నవ్వేవాళ్ళు, ఏడుపొస్తే ఏడ్చేవాళ్ళు, ఈ యంత్రాలు వచ్చి అంతా చెడగొట్టాయి అంటాడు. యంత్రాలు వాటంతట అవి నడిచి వచ్చాయా? మా ఇళ్ళలోకి అలాంటిదాన్ని మొట్టమొదట రెక్సిన్ సంచిలో పెట్టుకుని మోసుకొచ్చింది ఎవరు? ఈయనే. ఆ సంగతి గుర్తుచేస్తే కాఫీ చల్లారిపోయిందని లేచి లోపలికి పోతాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. గడిచిపోయిన కాలానికీ అంతే, ఉన్నప్పుడు ఎలా ఉన్నా పోయాక కళ్ళు చారెడవుతాయి. నాకు ఆ కాలం కళ్ళూ తెలుసు, నోరూ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తిరువళ్ళూరు. మా వాళ్ళు ఎన్ని తరాల కిందట వచ్చారో ఎవరికీ తెలియని నేత కుటుంబాలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడిలో నేను చదివింది అరవమే. ఈ తెలుగు అక్షరాలు మా నాన్న పలక మీద దిద్దించినవి. నాన్న మగ్గం వదిలేసి ఊళ్ళోనే బియ్యం మండీలో గుమాస్తాగా చేరాడు. ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు, మా అత్త. ఆమెను తిరుత్తణి దాటి లోపలికి పోతే వచ్చే ఒక నేతగాళ్ళ ఊరికి ఇచ్చారు. కనకమ్మ సత్రం మీదుగా పోయే బస్సెక్కి, తిరుత్తణిలో ఇంకో బస్సు కోసం కాచుకుంటే ఒక పూట ప్రయాణం. అంత దగ్గరలో ఉన్నా ఆమె పుట్టింటికి రావడం గగనమే. మగ్గం మీద కూర్చునేది మామ, కానీ దానికి నూలు కండెలు చుట్టిపెట్టేది అత్త. రాట్నం ముందు నుంచి ఆమె లేస్తే మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే మామ వాళ్ళమ్మ నోరు మొదలవుతుంది.

అత్త కొడుకు నాకు బావ. అప్పుడు గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేస్తూ అక్కడే నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. నన్ను అతనికి ఇస్తానని నేను పుట్టినప్పుడే నాన్న మాట ఇచ్చేశాడు. నాకు ఇష్టమా అని ఎవరూ అడగలేదు. ఆ కాలంలో అంతా సులువు కదా, అడగడం అనే తిప్పలు ఉండేవి కావు.

ఇప్పుడు మా వాళ్ళ ఏడుపు గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, రాగం తీసి ఏడ్చేవాళ్ళు. అరవవాళ్ళు దాన్ని ఒప్పారి అంటారు. మా వాళ్ళకు దానికి వేరే పేరు లేదు, ఏడుపే. పోయినవాళ్ళ మంచితనంతో మొదలవుతుంది. కాసేపటికి ఏడ్చే మనిషి తన బతుకులోకి దిగుతుంది. అక్కడ ఆమె ఏమైనా అనవచ్చు. మొగుణ్ణి అనవచ్చు, అత్తను అనవచ్చు, పుట్టింటివాళ్ళు చేసిన అన్యాయం చెప్పవచ్చు. రాగంలో ఉన్నంతసేపూ ఆమెను ఆపే హక్కు ఎవరికీ లేదు. ఏడుపులో అన్న మాట పాడెతో పోవాల, అదీ మా వాళ్ళు పెట్టుకున్న కట్టు. పాడె లేచాక ఆడవాళ్ళంతా తలకు నీళ్ళు పోసుకుంటారు, ఆ నీళ్ళతో మాటలు కూడా పోయినట్టే. మర్నాడు ఆ మాట ఎవరైనా ఎత్తితే, అన్నవాళ్ళను వదిలేసి ఎత్తినవాళ్ళకు చీవాట్లు పెట్టేవాళ్ళు.

మా వీధిలో ఒక కోడలు అత్త శవం మీద పడి, అటక మీద దాచిన నెయ్యి కుండ ఇంగ ఎవురికత్తా, నీ కూతురికి గిన్నెలో పోసి నా పిల్లోళ్ళ చేత గరిటె నాకించినావే అత్తా అని ఏడ్చింది. మగవాళ్ళు తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. ఆ కూతురు అక్కడే కూర్చుని అంతా విన్నది. మర్నాడు ఆ వదిన వడ్డించిన అన్నమే తిన్నది, పెరుగు కూడా రెండోసారి అడిగి వేయించుకున్నది.

ఇదేదో గొప్ప ఆచారమని నేను చెప్పడం లేదు. కడుపులో మాట బయటికి రావాలంటే ఇంట్లో శవం ఉండాలట. ఎవరూ పోని ఏడాది ఆడదానికి నోరు లేనట్టే. మా ఆయన తలుచుకుని నిట్టూర్చే సాదాసీదా కాలం ఇదే. సాదాయే, కాదనను. సగంమందే మాట్లాడితే ఏ కాలమైనా సాదాగానే ఉంటుంది. అయినా ఆ మాత్రం సందు ఒకటి ఉండేది. నా కోపమంతా దాన్ని పూడ్చినవాళ్ళ మీద.

మామూలు రోజుల్లో మా అత్తకు గొంతే ఉండేది కాదు. మా ఇంటికి వచ్చినా మంచినీళ్ళు కూడా అడిగేది కాదు, తనే వెళ్ళి ముంచుకునేది. అలాంటి మనిషి చావింట్లో కూర్చుంటే పక్కవీధి వరకూ నిశ్శబ్దమైపోయేది. బంధువుల్లో ఎక్కడ చావు జరిగినా, ఆమె వచ్చిందా అని ముందు అడిగేవాళ్ళు. ఆమె ఏడుపులో మాటలు ఎక్కడి నుంచి వస్తాయో నాకు తెలిసేది కాదు. రాట్నం ముందు కూర్చుని రోజంతా ఏమీ మాట్లాడకుండా అవే కూడబెడుతుందని తర్వాత అర్థమైంది.

ఎనభైలు మొదలైన కొత్తలో నాన్నకు కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, పథ్యం పెట్టారు, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంటికి తెచ్చాక మంచం మీద నుంచి లేవలేకపోయాడు. చెల్లెల్ని చూడాలని ఉందని అడిగాడు. అత్తవాళ్ళ ఊరికి నూలు తీసుకెళ్ళే ఆయన ఒకడు మాకు తెలుసు. అమ్మ అతనితో కబురు పంపింది. అతను పోయాడు, చెప్పాడు కూడా. చెప్పింది అరుగు మీద కూర్చుని ఉన్న మామ వాళ్ళమ్మతో.

అప్పుడు మగ్గం మీద ఒక పెళ్ళిచీర ఉంది. ఇంకా కొంగు నేయాలి. ఆ ముసలామె కొడుకును పిలిచి కబురు చెవిలో వేసింది. ఇప్పుడు చెబితే కోడలు లేచిపోతుంది, నేత ముగించి మగ్గం మీద నుంచి చీర కోసినాక చెబుదాం అని ఇద్దరూ అనుకున్నారు. మధ్యలో ఒక గోడ, గోడకు అవతల అత్త కండెలు చుడుతూ ఉంది. నాన్న ప్రతి బస్సు చప్పుడుకూ తలుపు వైపు చూసేవాడు. ఆ చూపు చూసినదాన్ని నేను. కాబట్టి ఆ రోజుల్లో మనుషులకు మనుషులంటే ప్రేమ అనే మాట నా ముందు అనకండి.

చీర కోసిన రోజు మామ అత్తతో, మీ అన్నకు ఒంట్లో బాగలేదంట, పోయి చూద్దాం పద అన్నాడు. అత్త దారి పక్కన నేల ఉసిరి మొక్కలు పీకి తువాలులో మూట కట్టుకుంది, కామెర్లకు అరగదీసి ఇద్దామని. ఇద్దరూ మా వీధి మలుపు తిరిగేసరికి చావు డప్పులు వినపడ్డాయి. పందిరి కింద నిలబడిన నూలాయనకు కబురు దాచారని తెలియదు పాపం, ఆమెను చూసి, వారం ముందరే మీ అత్తతో చెప్తినే తల్లీ, ఇప్పుడా వచ్చేది అన్నాడు.

అత్త ఆ మూట చేతిలో పట్టుకునే లోపలికి వచ్చింది. నాన్న తల దగ్గర కూర్చుంది. ఆ మూట ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"తోడబుట్టిన అన్నా, నన్నెత్తుకోని తిరిగిన అన్నా,
నీ కబురు నా గడప దాకా వచ్చిందే అన్నా,
గడప కాడ కూచుండి ఆపినారే అన్నా.
కండె చుట్టే చెయ్యి ఆగకూడదని ఆపినారే అన్నా.
కట్టుకున్నోడు నోరు మూసుకున్నాడే అన్నా,
ఆయన్ను కన్నది కండ్లు మూసుకున్నదే అన్నా.
చీర కోసినాక చెప్పినారే అన్నా,
నీ ఊపిరి తెగినాక చెప్పినారే అన్నా.
యాడి పెండ్లికూతురో కట్టే చీరకు
నా పుట్టిల్లు పోగులాయనే అన్నా."

ఇంకా చాలా ఉంది. నాకు గుర్తున్నది ఇంతే. అంతవరకూ నాకు ఏడుపు రాలేదు, ఏదో రాయిలా తిరుగుతున్నాను. ఆ మాటలు విన్నాకే మా నాన్న పోయాడని నాకు తెలిసినట్టయింది. ఆయన ఎదురుచూసిన చూపుకు ఎవరో ఒకరు జవాబు చెప్పారనిపించింది.

బయట బల్ల మీద మగవాళ్ళతో కూర్చుని మామ అంతా విన్నాడు. తల వంచుకుని విన్నాడు. ఆ సాయంత్రం అత్త అందించిన చెంబే అందుకుని నీళ్ళు తాగాడు. కట్టు అంటే అది. మామ మంచివాడై ఊరుకోలేదు. ఊరుకోకపోతే నలుగురూ ఉమ్మేస్తారని ఊరుకున్నాడు. మనుషులు మంచివాళ్ళు కాకపోయినా పని జరిగేట్టు చేసేదే కట్టు.

బావ గుమ్మిడిపూండి నుంచి నేరుగా చావింటికే వచ్చాడు. ఆ వారమే మద్రాసులో జపాన్ టేప్ రికార్డరు ఒకటి కొన్నాడట. గదిలో పెడితే పోతుందని సంచిలో వేసుకుని వెంట తెచ్చుకున్నాడు. ఆ సంచిని కిటికీ కింద పెట్టాడు. తల్లి శవం పక్కన కూర్చోగానే సంచిలో చెయ్యి పెట్టి రికార్డు బొత్తాలు నొక్కాడు. ఎవరూ చూడలేదు, చూసినా అదేమిటో తెలిసేది కాదు. ఎందుకు నొక్కావని నేను తర్వాత ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. ఎప్పుడూ ఒకటే జవాబు, అమ్మ గొంతు పోకూడదని. నిజమే చెబుతాడు, అది నాకు తెలుసు. ప్రేమతోనే చేశాడు. నాకు అదే మంట. పగతో చేసినవాణ్ణి తిట్టి మరిచిపోవచ్చు.

కర్మాంతరం అయ్యాక, చావింటివాళ్ళను బంధువులు నిద్రకు తీసుకెళ్ళే పద్ధతి ఉంది కదా, అత్త మా అమ్మనూ నన్నూ తమ ఊరికి తీసుకెళ్ళింది. ఆ రోజు అమావాస్య. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు కాబట్టి వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. బావ కూడా వచ్చి ఉన్నాడు. టేప్ రికార్డరు తీసి అరుగు మీద పెట్టి సినిమా పాటలు వేశాడు. చుట్టుపక్కలవాళ్ళు చేరారు. అంత చిన్న పెట్టెలో అంత గొంతా అని ఆశ్చర్యపోయారు. అందరూ మెచ్చుకునేసరికి అతనికి హుషారు వచ్చింది. క్యాసెట్టు తిప్పి పెట్టి, లోపల మా అమ్మతో కలిసి బియ్యం ఏరుతున్న తల్లిని కేకేశాడు, నీకొకటి వినిపిస్తా రామ్మా అని.

ముందు డప్పులు వినపడ్డాయి. ఎవరో దగ్గారు. తర్వాత అత్త గొంతు లేచింది.

అత్త చేతిలో చేట అట్లాగే నిలిచిపోయింది. వీధి చివరి నుంచి ఒకామె కొప్పు ఊడిపోయి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది, ఎవురు పోయినారు, ఎవురు పోయినారు అంటూ. ఆమె వెనక ఇంకో ఇద్దరు. వచ్చి చూస్తే అందరూ బతికే ఉన్నారు. చావు లేని ఇంట్లో ఏడుపు రాగం ఎత్తితే చావును పేరు పెట్టి పిలిచినట్టే అని మా వాళ్ళ భయం. ముసలివాళ్ళు చెవులు మూసుకుని ఆపమని అరిచారు. బావ నవ్వుతున్నాడు. అమ్మ గొంతు ఎంత బాగా పడిందో వినండి అంటున్నాడు. తల్లి పాట అని మురిసిపోతున్నాడే గానీ, అందులో ఏ మాటలున్నాయో, అవి ఎవరి గురించో అతని బుర్రకు తట్టనే లేదు. గొంతు విన్నాడు, మాట వినలేదు. ఇప్పటికీ అతను అంతే.

గడప కాడ కూచుండి ఆపినారే అన్నా, అన్నది పెట్టె. గడపలో మామ వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆమె తిరువళ్ళూరికి రాలేదు కాబట్టి ఆ మాట వినడం అదే మొదలు. ఆయన్ను కన్నది కండ్లు మూసుకున్నదే అన్నా, అన్నది పెట్టె. ముసలామె కొడుకు వైపు తిరిగింది.

బావకు అప్పుడు తెలిసొచ్చి ఆపబోయాడు. మామ చెయ్యి పట్టుకుని ఆపవద్దన్నాడు. చివరిదాకా విన్నాడు. విని, మళ్ళీ మొదటి నుంచి వెయ్యమన్నాడు. చావింట్లో బల్ల మీద తల వంచుకుని విన్న మాటలనే, తన అరుగు మీద తల ఎత్తి, ఇరవైమంది ముందర కొత్తగా విన్నట్టు విన్నాడు.

వీధి పెద్దాయన ఒకడు కల్పించుకున్నాడు. ఏడుపులో మాట ఎత్తకూడదు కదప్పా, అది పాడెతోనే పోయిందనుకో అన్నాడు. మా అమ్మ తలుపు చాటు నుంచి, వదిలెయ్యన్నా అని బతిమాలింది. మొగుడు పోయిన ఆడది, ఆమె మాట ఎవరు వింటారు? మామ పెద్దాయనకు మాత్రమే జవాబు చెప్పాడు.

"నేను ఎత్తినానా? ఎవురూ ఎత్తలేదే. దాని నోటి మాట దాని నోట్నే వస్తా ఉండాది. నా పెండ్లాం మాట నేను వినకూడదా?"

పెద్దాయన పక్కకు జరిగాడు. కట్టు చేసినవాళ్ళు మనుషుల నోళ్ళకు చేశారు. ఇలా ఒక పెట్టె వస్తుందని, అది చచ్చినరోజు మాటను అమావాస్య రోజు అరుగు మీద పెడుతుందని వాళ్ళకేం తెలుసు? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒక్కడికైనా, కట్టు సంగతి సరే, కబురు దాచిన మాట నిజమా కాదా అని అడగాలని తోచలేదు. సాదాసీదా మనుషులు.

మామ అత్తను పిలిచాడు. వీళ్ళందరి ముందర, ఏడుపులో అన్నది అబద్ధం అని చెప్పమన్నాడు. తన తల్లి ఏ పాపమూ ఎరగదని చెప్పమన్నాడు. అత్త తన కొడుకు వైపు చూసింది. బావ క్యాసెట్టు బయటికి తీయబోయాడు. మామ అది చూసి, తీయవద్దన్నాడు. అప్పుడే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది, ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను.

"దాంట్లోనే పట్టు. ఆ ఏడుపు మీదే పట్టు."

పాత మాట మీద కొత్త మాట పడితే పాతది పోతుందని మామకు చెప్పింది బావే, ఆ పొద్దున యంత్రం గొప్పలు చెబుతూ. ఇప్పుడు బావ క్యాసెట్టు వెనక్కి తిప్పి, రెండు బొత్తాలూ కలిపి నొక్కాలి. మీసాలొచ్చిన మనిషి, ఫ్యాక్టరీలో జీతం తెచ్చుకునే మనిషి. నొక్కనని ఒక్క మాట అంటే మామ ఏం చేసేవాడు? ఆ యంత్రం ఎట్లా వాడాలో ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. నేను తలుపు దగ్గర నిలబడి అతని వేళ్ళ వైపే చూస్తున్నాను. నొక్కాడు.

అత్త పెట్టె ముందు వంగి, మంచినీళ్ళు అడగడానికి కూడా మొహమాటపడే ఆ గొంతుతో, "మా అత్త నాకు ఏ లోటూ చెయ్యలేదు, నేను చెప్పింది అబద్ధం" అన్నది.

మామ వినిపించమన్నాడు. వినిపించాడు. అబద్ధం అన్న మాట అయిపోయింది, అయిపోగానే దాని వెనక నుంచి ఏడుపు మధ్యలో అందుకుంది. చీర కోసినాక చెప్పినారే అన్నా, అని. అత్త చెప్పిన మాట చిన్నది, అది కప్పింది కొంచెమే. మామకు కోపం వచ్చింది. అంతా పోవాలన్నాడు. అంతా పోవాలంటే చివరిదాకా ఏదో ఒకటి పట్టాలి. అత్త దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు.

అందుకని బావ ఊరికే నొక్కి వదిలేశాడు. ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట అందులో పడుతుందని అందరూ నోళ్ళు మూసుకున్నారు. లేచిపోతే మామకు కోపమని ఎవరూ లేవలేదు. ఒక కాకి అరిచింది. ఎవరి చంకలోనో బిడ్డ గొణిగితే తల్లి నోరు మూసింది. మామ వాళ్ళమ్మ ఆవులించింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అంతమంది మనుషులం కూర్చుని, మా నాన్న మీద ఏడ్చిన ఏడుపు చెరిగిపోతుంటే చూస్తూ ఉన్నాం. క్యాసెట్టు అయిపోయి ఆ బొత్తాం తనంతట తాను పైకి లేచేదాకా కూర్చున్నాం. తర్వాత ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

ఏడాది తిరగకుండా నన్ను బావకే ఇచ్చి చేశారు. పోయినవాడి మాట నిలబెట్టాలన్నారు. పోయినవాడు చెల్లెల్ని చూడాలన్న మాట మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. నేను ఆ ఇంటికే కోడలిగా వెళ్ళాను, అత్త పక్కన ఇంకో రాట్నం ముందు కూర్చున్నాను. ఆమె నాతో బాగానే ఉండేది. ఉప్పు చాలునా, నీళ్ళు వచ్చెనా, అంతవరకే మాట. మధ్యలో బంధువుల ఇళ్ళలో చావులు జరిగాయి. ఆమె వెళ్ళేది, కూర్చునేది, కళ్ళు తుడుచుకుని వచ్చేది. అలవాటుగా అందరూ ఆమె వైపు చూసేవాళ్ళు. ఆమె తలుపుల వైపూ కిటికీల వైపూ చూసేది. మెల్లగా మిగతా ఆడవాళ్ళు కూడా రాగం తీయడం మానుకున్నారు. ఏ ఇంట్లో ఏ పెట్టె ఉందో ఎవరికి తెలుసు? కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేర్చుకున్నారు. మా వాళ్ళు ఇప్పుడు చావింట్లో మర్యాదగా ఉంటున్నారని చదువుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఇంకొన్నాళ్ళకు మైకుసెట్టువాళ్ళే ఒప్పారి క్యాసెట్టు తెచ్చి వేయడం మొదలైంది. ఎవరో డబ్బులకు ఏడ్చిన ఏడుపు, ఏ శవానికైనా సరిపోతుంది, ఎవరికీ తగలదు. అది చూసి మా ఆయన కూడా, పాతకాలం ఏడుపు ముందు ఇదేం ఏడుపు అన్నాడు. ఆ రోజు నేను అతనికి అన్నం పెట్టలేదు.

ఎనభైలు ముగిసేలోపే మామ పోయాడు. పొద్దున మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడు గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. వాకిట్లో పడుకోబెట్టారు. బంధువులంతా వచ్చారు. మామ వాళ్ళమ్మ అప్పటికి వంగిపోయింది, కొడుకు కాళ్ళు పట్టుకుని చేతనైనంత ఏడ్చింది. తల దగ్గర అత్త కూర్చుంది. మొగుడు పోతే ముందు గొంతెత్తవలసింది పెళ్ళామే. ఆమె ఎత్తలేదు. ఆడవాళ్ళు కాచుకున్నారు. ఒకామె భుజం తట్టింది. ఇంకొకామె తనే రాగం అందుకుని, అత్త కలుపుతుందేమో అని మధ్యలో ఆగి చూసింది. బయట మగవాళ్ళు పాడె కట్టడం అయిపోయింది, ఏడుపు లేకుండా ఎట్లా ఎత్తేదని గుసగుసలు మొదలయ్యాయి. రాయి గుండె అని ఎవరో అన్నారు.

మామ వాళ్ళమ్మ తలెత్తి, నా కొడుక్కి నీ ఏడుపు కూడా దక్కనియ్యవా అని అడిగింది. మా ఆయన వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాచి చూపించాడు, చొక్కా జేబు తిరగేసి చూపించాడు.

"ఏడువమ్మా. నా కాడ ఏమీ లేదు. ఎవురి కాడా ఏమీ లేదు."

అత్త తన కొడుకు చేతుల వైపు చూసింది, వంగిపోయిన ముసలామె వైపు చూసింది. తర్వాత రాగం ఏమీ తీయకుండా, మామూలు గొంతుతో, వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు అన్నది.

"మా అన్న కోసరం ఏడ్చింది అబద్ధమని నా నోటితో చెప్పించినారు కదా నాయనా. ఈయన కోసరం ఏడిస్తే మట్టుకు అది నిజమని ఎవురు నమ్ముతారు?"

మగవాళ్ళు వాకిట్లోకి వచ్చి మామను ఎత్తుకున్నారు.